నాలుగు బారల దూరం

బుచ్చిరాములు తాత తన కన్నబిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

సారలమ్మ పుట్టినప్పుడు గడప బయట నిలబడి మెడ చాచి చూశాడు. బోర్లా పడ్డప్పుడు వాకిట్లోంచి చూశాడు. నడక నేర్చి "నాయినా" అంటూ చేతులు చాపి వచ్చినప్పుడు వెనక్కి నడిచాడు. బిడ్డ ముందుకు, తండ్రి వెనక్కు. అట్లా ఇద్దరూ తార్నాక గల్లీ చివరిదాకా పోయారనీ, అక్కడ ఒక బర్రె అడ్డంగా పడుకోబట్టి తాత ఆగిపోయాడనీ, లింగమ్మ పరుగెత్తి వచ్చి బిడ్డను చంకనేసుకున్నదనీ గల్లీలో అందరికీ తెలిసిన ముచ్చటే. ఎందుకు వెనక్కి నడిచాడో మాత్రం ఆయన పెళ్లాం లింగమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

తాత ఒళ్లు బాంబులాగా పేలుతుంది.

వాళ్ల వంశంలో కొందరికి ఇది ఉన్నది. ఒకరికి పిల్లికళ్లు వచ్చినట్టు, ఒకరికి బట్టతల వచ్చినట్టు తాతకు ఇది వచ్చింది. బట్టతల కూడా వచ్చింది, అది వేరే సంగతి. లోపల ఏదో రోజురోజుకూ కొంచెం కొంచెంగా నిండుతుంది. నిండితే నోట్లో అగ్గిపుల్ల తల నాకినట్టు రుచి. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఆ తర్వాత ఎక్కిళ్లు. మూడో ఎక్కిలికి ఢాం! నాలుగు బారల మేర ఏముంటే అది తునాతునకలు. పొగ తేలిపోయాక చూస్తే నట్టనడుమ తాత నిక్షేపంలా నిలబడి ఉంటాడు. గోరు కూడా ఊడదు. కాకపోతే ఒంటి మీద నూలుపోగు మిగలదు, ఒళ్లంతా మసి, సగం రోజు చెవులు వినిపించవు, నలుగురి తిండి ఒక్కడే తింటాడు. పది రోజుల దాకా ఒళ్లు పొయ్యిమీది పెంకలా కాలుతుంది. చల్లారాక రెండు రోజులు మామూలు మనిషి. మళ్లీ నిండడం మొదలు.

ఇట్లాంటి మనిషి యూనివర్సిటీలో ఎక్కడ కొలువు చేశాడంటే, కెమిస్ట్రీ ల్యాబులో. గోడ మీద "మండే పదార్థాలు, జాగ్రత్త" అని ఎర్ర అక్షరాల బోర్డు. దాని కిందే తాత స్టూలు. బీకర్లు కడగడం, గాజు గొట్టాలు తుడవడం, గంటకోసారి నల్లాలు కట్టేసి ఉన్నాయో లేదో చూడడం ఆయన పని. పంతొమ్మిదేళ్లలో ఒక్క బీకరు పగలగొట్టలేదు. ఎవరేమన్నా నవ్వేవాడు. కాలు తొక్కితే, "నాదే తప్పు, కాలు గీడ పెట్టిన" అనేవాడు. ల్యాబులో అందరూ ఆయన్ను మహా శాంతమూర్తి అనుకునేవాళ్లు. శాంతమూ లేదు, మూర్తీ లేదు, అంతా భయం. చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట ఒక్కటే ఆయన పట్టుకున్నాడు: "కొడుకా, కోపమొస్తే మింగు. ఎంత మింగితె అంత మంచిది." తాత అన్నం కంటే కోపమే ఎక్కువ మింగి బతికాడు.

ఆ తండ్రే ఇంకో ఆజ్ఞ వేశాడు. పసిపిల్లలను ముట్టొద్దు, ఈ సంగతి పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పొద్దు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ తాత ఆ మాట జవదాటలేదు. ఆయన పోయేనాటికి సారలమ్మకు పదమూడేళ్లు. ఎత్తుకునే వయసు దాటిపోయింది.

ఎంత నిండిందో చూడడానికి లింగమ్మ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే వేలు తడి చేసి తాత చెవి తమ్మెకు ఆనించేది. చప్పుడు లేకపోతే, "పో, కొలువుకు పో" అనేది. పెంక మీద నీళ్లు చిలకరించినట్టు "సుయ్" అంటే, "పో, లచ్చయ్య కాడికి పో" అనేది.

లచ్చయ్య లాలాపేట్ అవతల, మౌలాలి గుట్టల దిక్కు ఒక రాళ్ల క్వారీలో మేస్త్రీ. పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పొద్దన్న ఆజ్ఞ ఈయన దగ్గర ఒక్కటే తప్పింది. చెప్పకపోతే పేలేదెక్కడ? ఏడాదికి రెండుసార్లు తాత అక్కడికి పోయేవాడు. "బుచ్చన్న వచ్చిండు, జరుగుండ్రి, జరుగుండ్రి!" అని లచ్చయ్య కూలీలందర్నీ దూరం పంపేవాడు. తాత బట్టలు విప్పి మడతపెట్టి, వాటి మీద ఒక రాయి పెట్టి, పెద్ద బండ పగులులోకి దిగి, మింగిన కోపాలన్నీ ఒక్కొక్కటే తలచుకుంటూ కూర్చునేవాడు. మూడో ఎక్కిలికి బండ నిలువునా చీలేది. లచ్చయ్యకు ఆ రోజు బండలు పేల్చే మందు ఖర్చు తప్పేది. మొహం పక్కకు తిప్పుకుని ధోవతి అందించి, "ఈసారి మంచి ఏటు పడ్డదన్నా!" అని మెచ్చుకునేవాడు. తాతకు వినపడదు కాబట్టి, "నాకు గూడ ఆకలైతున్నది" అనేవాడు.

ఇంతలో పంతొమ్మిది వందల అరవై తొమ్మిది వచ్చింది. కోస్తావాళ్లు పోవాలె, మన కొలువులు మనకే కావాలె అని స్టూడెంట్ల లొల్లి మొదలైంది. ఎండాకాలం సారలమ్మ పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది.

తాత గడప బయట నిలబడ్డాడు. మెడ చాచాడు. సారలమ్మ మంచం మీద నుంచి ఆ మెడను చూసింది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మెడే. తొమ్మిదో రోజు స్నానం కాగానే తండ్రిని వాకిట్లో నిలబెట్టి అడిగింది.

"నాయినా, ఒక మాట చెప్పు. కొడుకు పుడితే ఎత్తుకుంటుంటివా?"

"అదేం మాట బిడ్డా?"

"నేను ఆడపిల్లనని నన్ను ముట్టలే. నాకు ఎరుకే. చిన్నప్పటి సంది ఎరుకే. పోనీ, నా బతుకు అయిపోయింది. ఇది గూడ ఆడపిల్లనేనని దూరం జరుగుతున్నవు."

"గట్ల గాదు బిడ్డా..."

"మరెట్ల? చెప్పు!"

తాత చెప్పలేడు. తండ్రి ఆజ్ఞ గొంతులో అడ్డం పడింది. మామూలుగా మింగేశాడు.

"ఇగో, ఇను," అంది సారలమ్మ. "ఇరవై ఒకటో దినం తొట్లె కార్యం. మన ఇంట్ల పెద్దోడే గదా పిల్లను ఒళ్లె పెట్టుకుని చెవుల పేరు చెప్పేది. నువ్వు చెప్పాలె. నువ్వు ఎత్తుకుని తొట్లెల ఎయ్యాలె. ఎయ్యకపోతే ఆ తెల్లారి నా బిడ్డను ఏసుకుని పోత. మల్ల ఈ గడప తొక్క."

ఆ పిల్ల అన్నమాట తప్పదు. అది తాత పోలిక కాదు, లింగమ్మ పోలిక.

తాత వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. ఇప్పుడే పోయి పేలితే పది రోజులు ఒళ్లు కాలుతుంది. ఆ తర్వాతి రెండు రోజులు చల్లగా ఉంటుంది. ఇరవై ఒకటో రోజు సరిగ్గా అందులో పడుతుంది. అంత బాగా కుదిరిన లెక్క ఆయన జన్మలో లేదు. మర్నాడే క్వారీకి పోయాడు.

క్వారీలో మనుషులు లేరు. లచ్చయ్య ఒక్కడే బండ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"వద్దన్నా," అన్నాడు లచ్చయ్య, తాత బట్టలు విప్పకముందే. "మందు పర్మిట్లు బంద్ జేసిండ్రు. ఊర్ల లొల్లి నడుస్తున్నది గద. చిన్న చప్పుడైతె పోలీసు జీపొస్తది. మొన్న ఆ గుట్ట కాడ పెండ్లిల పటాకులు గాల్చిండ్రు, పెండ్లికొడుకును దీస్కపోయిండ్రు."

"మరి నేనెట్ల లచ్చన్నా?"

"ఓపిక వట్టు. నీ అసొంటి శాంతమూర్తికి ఓపికేం కరువు?"

తాతకు ఆ మాటకు ఒళ్లు మండింది. అది కూడా మింగి ఇంటికొచ్చాడు.

అప్పటి నుంచి ఆయన వాకిట్లో వేపచెట్టు కింద తడి గోనెసంచి పరుచుకుని దాని మీదే కూర్చోవడం, దాని మీదే తినడం. లోపల మనవరాలు ఏడిస్తే లేచి నాలుగు బారలు అవతలికి పోయేవాడు. మజ్జిగ తాగాడు. సబ్జా గింజలు తాగాడు. నెత్తి మీద తడిగుడ్డ వేసుకున్నాడు. గల్లీవాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు. చెవి మాత్రం పదిహేనో రోజుకు "సుయ్" అంది, పద్దెనిమిదో రోజుకు "సుయ్యి" అని పాట మొదలుపెట్టింది.

ఇరవయ్యో రోజు పొద్దున లింగమ్మ ఖాళీ బిందెలతో ఆయన ముందుకొచ్చి నిలబడింది. బిందెలు కింద పెట్టి, చూపుడు వేలు నోట్లో తడి చేసుకుంది. తాత చెవి ముందుకు వంచాడు. లింగమ్మ ఆ వేలిని తన చెవికే ఆనించుకుంది.

"సుయ్!"

తాత గోనెసంచి మీద నుంచి ఎగిరి గోడకు ఆనుకున్నాడు.

"ఏందే అది?"

"గీడనే ఉండు," అని బిందెలు తీసుకుని లింగమ్మ గల్లీ చివర నల్లా దగ్గరకు పోయింది.

అక్కడేం జరిగిందో తాతకు కనపడలేదు, వినపడింది. వినపడనిది ఎవరికి? తార్నాక చౌరస్తా దాకా వినపడింది. "ఓ చిట్టెమ్మా, నీ బిందె ఎన్నడొచ్చిందే నా ముంగటికి? నిన్న రాత్రి పెట్టిపోతివా? నల్లా నీ అత్తగారింటి నుంచి తెచ్చినవా? నీ బిందెకు కాళ్లొచ్చినయా? వస్తే నడిచి ఎనకకు పొమ్మను!" అవతలి నుంచి చిట్టెమ్మ ఏదో అన్నది. దానికి లింగమ్మ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయడం బాగుండదు. నాలుగు బిందెలు నిండేంత సేపు అది నడిచింది.

తిరిగొచ్చిన లింగమ్మ మొహం కడిగిన తామరాకులా ఉంది. తాత చెయ్యి పట్టుకుని, వేలు బిందెలో ముంచి, తన చెవికి పెట్టుకుంది.

చప్పుడు లేదు. చెవి కొత్తకుండలా చల్లగా ఉంది.

"నేను గూడ పేలేదాన్నే," అంది లింగమ్మ. "మా అమ్మ గూడ. మా మేనత్త అయితే పెండ్లిగాకముందు పశులకొట్టం ఒకటి లేపేసింది."

తాత నోరు తెరుచుకుని చూశాడు. ఈమెతో ఇరవై రెండేళ్లు కాపురం చేశాడు. ఒక్కనాడు కూడా ఆమె చెవి పట్టి చూడలేదు.

"మరి... మరి నువ్వు సారలమ్మను ఎత్తుకుంటివి. పాలిస్తివి. ఒళ్లె పండబెట్టుకుంటివి!"

"ఎందుకు ఎత్తుకోను? మీ మగోళ్లకు క్వారీలున్నయి, బట్టలిప్పి బండల నడుమ కూసుంటరు. మేం కూసుంటమా? మా అమ్మమ్మలు వేరే తొవ్వ జూసుకున్నరు. నిండనియ్యం. రోజుకింత తిట్టి పారబోస్తం."

తాతకు అప్పుడు తెలిసింది. గల్లీలో అందరూ లింగమ్మను గయ్యాళి అంటారు. ఆయన కూడా పైకి అనకపోయినా లోపల అట్లాగే అనుకున్నాడు. చిట్టెమ్మ మొగుడు కనపడితే తల వంచుకుని, "మా ఆమె నోరు గంతే, ఏమనుకోవద్దు" అని ఇరవై రెండేళ్లుగా మాఫీ అడుగుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"ముందు చెప్తే మీ నాయిన పెండ్లి జేస్తుండెనా? తర్వాత చెప్పేదాన్నే. నువ్వు గూడ తిట్టుడు మొదలువెడితె ఒక్క ఇంట్ల ఇద్దరం అయితమని ఊకున్న. నీకు క్వారీ నడుస్తుండె గద." లింగమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నీతో వచ్చిన కష్టమేంది తెల్సా? కోపం మింగితె సల్లారదు. మింగిందంతా లోపల మందు అయితది. మీ నాయిన మంచోడేగాని గా ఒక్క మాట ఉల్టా చెప్పిండు."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"తిట్టు. రేపటి దాకా టైమున్నది. ముందు నన్ను తిట్టు."

తాత గొంతు సవరించుకున్నాడు. ఆకాశం చూశాడు. వేపచెట్టు చూశాడు.

"నువ్వు... నువ్వు పప్పుల ఉప్పు జర ఎక్కువేస్తవు."

"ఆఁ, ఇంకా?"

"గంతే."

"ఇరవై రెండేండ్లకు ఇదా తిట్టు! దీనికి చెవుల చీమ గూడ సావదు!" అంటూ లింగమ్మ ఆయన చెవి చూసింది. "సుయ్యి". పాట అట్లాగే ఉంది.

పాలాయన వస్తే, "పాలల్ల నీళ్లు కలుపుతున్నవు" అన్నాడు తాత. పాలాయన "కలుపుతున్న తాతా, ఏం జెయ్యాలె మరి, ఎండలకు బర్రె పాలిస్తలేదు" అనేసరికి, "అయ్యో, దానికి గడ్డి సరిగ దొరుకుతున్నదా?" అని అడిగి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. లింగమ్మ నెత్తి కొట్టుకుంది.

"కొలువుకు పో. గాడ పంతొమ్మిదేండ్ల సంది మింగినవు గద, ఎవరి మీద మింగినవో వాళ్ల మీదనే కక్కు."

తార్నాక నుంచి క్యాంపస్ దాకా తాత నడుచుకుంటూ పోయాడు. ఎదురుగా ఎవరొచ్చినా రోడ్డు అవతలికి జరిగాడు. తరగతులు బంద్. గోడల మీద సున్నంతో నినాదాలు. గేటు దగ్గర జీపు. అయినా ల్యాబు నౌకర్లు రావాలి, లేకపోతే సీసాలకు దిక్కెవరు?

ల్యాబులో ఒక్క రత్నకుమార్ సారే ఉన్నాడు. ఆయనది కోస్తా. గుడివాడ దిక్కు. తార్నాకలోనే కిరాయికి ఉంటాడు. ఆయన భార్య ఎస్తేరమ్మ తాత మనవరాలికని ఉన్ని టోపీ అల్లి పంపింది. ఆ ఎండల్లో ఉన్ని టోపీ ఎందుకంటే, ఆమెకు అల్లడం వచ్చింది అదొక్కటే. చప్రాసీని "గారూ" అని పిలిచే మనిషి ఆ బిల్డింగులో రత్నకుమార్ సారొక్కడే. తాతకు తిట్టడానికి ఆయనే దొరకడం చూడండి.

"సార్," అన్నాడు తాత గుమ్మం బయట దూరంగా నిలబడి. "మీరేం అనుకోకపోతే, మిమ్మల్ని జరసేపు తిట్టుకోవచ్చా?"

రత్నకుమార్ కళ్లజోడు తీసి చూశాడు. "ఒంట్లో బాగుండలేదా బుచ్చిరాములు గారూ?"

"బాగనే ఉన్నది సార్. మా ఇంట్ల ఒక మొక్కున్నది. కార్యానికి ముందు ఎవర్నన్న తిట్టాలె."

"అట్లాంటి మొక్కు ఎక్కడా వినలేదండీ," అని నవ్వాడు. "సరే, తిట్టండి. ఈమధ్య రోజూ ఎవరో ఒకరు తిడుతూనే ఉన్నారు. మీరైతే కనీసం అడిగి తిడుతున్నారు."

సీసాల దగ్గర వద్దని తాత ఆయన్ను బయటికి పిలిచాడు. బిల్డింగు మెట్ల దగ్గర, సైకిలు పక్కన సారు నిలబడ్డాడు. తాత గోడకు ఆనుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

"మీరు బీకర్లు కడగకుండ పెడ్తరు!"

"నిజమేనండీ. ఇంకొంచెం గట్టిగా అనండి."

"చాయ్ గ్లాసుకు, బీకరుకు ఫరక్ తెల్వది మీకు! మొన్న బీకరుల చాయ్ తాగిండ్రు!"

"తాగానండీ. చాలా తప్పు. ఊఁ, కానివ్వండి."

అప్పుడే అడిక్‌మెట్ గదుల్లో ఉండే నలుగురు స్టూడెంట్లు ఏదో మీటింగు నుంచి అటుగా వస్తున్నారు. ఎండకు మొహాలు కందిపోయి ఉన్నాయి, గొంతులు బొంగురుపోయాయి. శాంతమూర్తి తాత కోస్తా సారును నిలబెట్టి అరుస్తుంటే వాళ్లకు పండగలా కనపడింది. చుట్టూ చేరారు.

"గట్ల అడుగు తాతా!"

"మన కొలువులు మనకియ్యమను తాతా!"

కొమురెల్లి అనే పొడుగాటి పిల్లవాడు సారు సైకిలు పట్టుకుని చక్రంలో గాలి తీసేశాడు. "నడుసుకుంట పో సార్, గుడివాడ దాక!" అన్నాడు. మిగిలినవాళ్లు నవ్వారు. రత్నకుమార్ నవ్వలేదు. కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దమే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

తాత ఆ చేతులు చూశాడు. నోట్లో అగ్గిపుల్ల రుచి.

"ఎక్!"

మొదటిది. చేతుల మీద వెంట్రుకలన్నీ లేచాయి. తాత ఎప్పటిలాగే వెనక్కి నడవబోయాడు. వెనక గోడ. గోడ అవతల పంతొమ్మిదేళ్లుగా తుడిచిన సీసాలు, అందులో మండే పదార్థాలు. పక్కకు చూశాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మధ్యలో సారు. అందరూ నాలుగు బారల లోపలే.

"ఎక్!"

రెండోది. పొమ్మంటే పోరు. చెబితే నమ్మరు. ఆయన దగ్గర మిగిలింది నోరొక్కటే.

"ఓరి కొమురెల్లీ!" అన్నాడు తాత.

ఆ గొంతు ఎవరిదో తాతకే తెలియలేదు. కడుపులో అడుగున ఎక్కడో ఉన్న గొంతు అది.

"సైకిల్ గాలి దీస్తవురా? నీ ఒంట్ల గాలి ఎక్కువైందా? కొలువులు కావాల్నా? అడుగుండ్రి! సర్కారును అడుగుండ్రి, నేను గూడ మీ ఎనకాలనే ఉన్న! గీ సారేం జేసిండురా మీకు? పోయినేడు నువ్వు జరం వచ్చి పండుకుంటె నీ ప్రాక్టికల్ రికార్డు ఎవరు దిద్దిండ్రు? నీ అయ్య దిద్దిండా? గీ సారే దిద్దిండు, లైటు కింద కూసుని! దీపం పురుగులన్ని ఆయన చాయ్‌ల పడ్డయి! నేనే తీసిన! ఏందిరా నవ్వుతున్నవు, ఓ ఎర్ర అంగీ? నువ్వు పగలగొట్టిన ఫ్లాస్కులెన్నో నాకెరుకలేదా? పంతొమ్మిదేండ్ల సంది మీ అసొంటోళ్లు పగలగొట్టిన గాజంతా ఏరి ఏరి నా వేళ్లు చూడుండ్రి! ఒక్కడన్న, ఒక్కడన్న, తాతా నీ వేలు తెగిందా అని అడిగిండ్రా? కాలు దొక్కితె నాదే తప్పంటి! చాయ్ ఒలకపోస్తె నాదే తప్పంటి! శాంతమూర్తి అంటిరి! ఎవనికిరా శాంతం? నాకేం శాంతం లేదు! నాకు మస్తు కోపమున్నది!"

మూడో ఎక్కిలి వచ్చింది.

తాత కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఎక్," అన్నది గొంతు. బీడీ పొగంత చిన్న పొగ ముక్కులోంచి వచ్చింది. అంతే.

తాత కళ్లు తెరిచాడు. నలుగురు పిల్లలు ఉన్నారు. సారు ఉన్నాడు. ఒంటి మీద ధోవతి ఉంది. అందరికంటే ముందు ఆయన చూసుకున్నది దాన్నే.

ఎర్ర అంగీ పిల్లవాడు మెల్లగా వచ్చి, "ఏ వేలు తెగింది తాతా?" అని అడిగాడు. తాత చూపించాడు. కొమురెల్లి సైకిలు నడిపించుకుంటూ పంపు ఉన్న దుకాణం దిక్కు పోయాడు. సగం దూరం పోయి వెనక్కి తిరిగి, "రెండు చక్రాలకు గాలి గొట్టిస్త సార్!" అని అరిచాడు.

"మీ మొక్కు తీరిందా బుచ్చిరాములు గారూ?" అన్నాడు రత్నకుమార్ కళ్లజోడు పెట్టుకుంటూ.

తాత వేలు తడి చేసుకుని చెవికి ఆనించుకున్నాడు. "తీరినట్టే ఉన్నది సార్. ఆ బీకర్ల సంగతి మాత్రం నిజంగనే అన్న."

ఇరవై ఒకటో రోజు నల్లకుంట నుంచి తెచ్చిన తొట్టె దూలానికి కట్టారు. పసుపు, పూలు, అరిటాకులు. ఇల్లు నిండా ఆడవాళ్లు. నల్లా దగ్గర జుట్టు పట్టుకున్నంత పనిచేసిన చిట్టెమ్మే అందరికంటే ముందొచ్చి పూలు కడుతోంది. లింగమ్మ దిష్టి తీస్తున్నట్టు నటిస్తూ తాత రెండు చెవులూ పరీక్ష చేసింది. తడివేలికి చప్పుడు లేదు.

"పో," అంది. "లోపలికి పో."

తాత గడప దాటాడు. ఆ గడప దాటడానికి ఎంతసేపు పట్టిందంటే, చిట్టెమ్మ "ఏందన్నా, ముహూర్తం మీదనే నిలబడ్డవా?" అని అడిగింది. చాప మీద కూర్చున్నాడు. సారలమ్మ బిడ్డతో వచ్చి ఎదురుగా నిలబడింది. తండ్రి మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ల చూపది. తాత వెనక్కి జరగలేదు. చేతులు చాపాడు.

చాపాడు గాని పట్టుకోవడం తెలిస్తే కదా! పిల్లను ఫ్లాస్కు పట్టుకున్నట్టు రెండు చేతుల కొసలతో పట్టుకున్నాడు.

"నాయినా, తలకాయ కింద చెయ్యి పెట్టు," అంది సారలమ్మ. చెప్పిన తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

తాత తల కింద చెయ్యి పెట్టాడు. వంగి చెవిలో పేరు చెప్పాడు. సమ్మక్క, సమ్మక్క, సమ్మక్క. మేడారం దేవతల్లో సమ్మక్క తల్లి, సారలమ్మ బిడ్డ. ఈ ఇంట్లో వరుస తలకిందులైంది. ఆ పేరు ఎంచింది లింగమ్మ, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మూడోసారి చెప్పేటప్పుడు ఆయన పెదవికి పిల్ల చెవి తమ్మె తగిలింది. వెచ్చగా ఉంది. మామూలు వెచ్చదనం కాదు. తాత ఉలిక్కిపడి లింగమ్మ వైపు చూశాడు.

లింగమ్మ మెల్లగా తల ఊపింది. పుట్టిన రోజే చూసిందట ఆమె.

అప్పుడు పిల్ల తాత కొత్త ధోవతి నిండా తడిపి, కళ్లు మూసుకుని, నోరు ఇంత తెరిచి రాగం అందుకుంది. తొట్టె కట్టిన దూలం అదిరింది. ఆడవాళ్లు "అయ్యో, ఇటియ్యి, ఇటియ్యి" అంటూ చేతులు చాపారు.

"ఎవరికీ ఇయ్య," అన్నాడు తాత. "ఏడ్వనియ్యుండ్రి. గట్టిగ ఏడువు బిడ్డా. ఇంకా గట్టిగ. ఏమన్న మింగకు, అంతా కక్కెయ్యి."

పిల్ల తాత మాట తు.చ. తప్పకుండా విన్నది. ఇప్పటికీ వింటూనే ఉన్నది. ఆ నోటితో తాతను ఆటపట్టించని రోజు లేదు, తాత దానికి మురిసిపోని రోజూ లేదు.

తొట్టెలో వేసి, పాటలు పాడి, చుట్టాలంతా తిని పోయాక తాత పిల్లను మళ్లీ తీసుకుని వేపచెట్టు కిందికి పోయాడు. సారలమ్మ వెంట వచ్చింది.

"ఇయ్యి నాయినా, పాలిస్త."

"జరసేపాగు."

సారలమ్మ ఆగింది. నిలబడి నిలబడి, ఆ గోనెసంచి మీదే తండ్రి పక్కన కూర్చుంది. కాసేపటికి చిన్నపిల్లలా ఆయన భుజానికి తల ఆనించింది. తాత ఒక చేత్తో మనవరాలిని పట్టుకుని, రెండో చేతిని మెల్లగా తెచ్చి కూతురి నెత్తి మీద పెట్టాడు. అక్కడ పెట్టొచ్చో లేదో ఇంకా నమ్మకం లేనట్టు, ముందు ఒక్క వేలు, తర్వాత చెయ్యంతా. "బిడ్డా, నీకు ఒక సంగతి చెప్పాలె," అన్నాడు. తండ్రి వేసిన ఆజ్ఞ ఆనాటితో సరి. పొద్దువాలేదాకా అంతా చెప్పాడు. ఆ ముగ్గురి మధ్య బెత్తెడు జాగా కూడా లేదు.

"అన్నం తింటరా, తినరా? ఎంతసేపు గాడ పంచాయితీ?" అని లోపల నుంచి లింగమ్మ కేక వేసింది.

"వస్తున్నమే! ఊకె ఒర్రకు, పిల్ల పండుకున్నది!" అని తాత అంతకంటే గట్టిగా అరిచాడు.

గల్లీలో ఇంటింటి తలుపులోంచి తలలు బయటికొచ్చాయి. నల్లా దగ్గర చిట్టెమ్మ బిందె దించి చూసింది. ఇంట్లో లింగమ్మ గంటె పట్టుకున్న చేత్తోనే నవ్వు ఆపుకుంటూ, పప్పు రుచి చూసి, ఇంకొంచెం ఉప్పేసింది.